డిమెన్షియా రీసెర్చ్ టీమ్‌లో బయోస్టాటిస్టీషియన్‌గా పని చేయడం ఎలా: మోడల్ కంటే ముందు చూసుకోవాల్సినవి

అమీర్‌పేటలో శాస్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుని సీఆర్‌ఓలో (మందుల కంపెనీలకి ట్రయల్స్ పని చేసిపెట్టే సంస్థ) టేబుల్స్ కొడుతున్నవాళ్ళు, ఎమ్మెస్సీ స్టాట్స్ అయ్యాక పీహెచ్‌డీకని అమెరికా వెళ్ళినవాళ్ళు, మెడికల్ కాలేజీలో పీజీ డాక్టర్ల థీసిస్‌లకి పీ వాల్యూలు తీసిచ్చే మాస్టార్లు, ఈమధ్య ఈ మూడు రకాలవాళ్ళూ అడుగుతున్నది ఒకటే: డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా దెబ్బతినే జబ్బు) ప్రాజెక్టులో బయోస్టాటిస్టీషియన్ పోస్టు ఉందంట, చేరొచ్చా, చేరితే ముందు ఏం నేర్చుకోవాలి అని. చేరండి, పని బోలెడంత ఉంది. లాసీ-డాడ్ అని 60 దాటినవాళ్ళ మీద దేశమంతా చేసిన సర్వే ఉంది, దాని లెక్క ప్రకారం మన దగ్గర ఆ వయసువాళ్ళలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉంది, అంటే దాదాపు 88 లక్షల మంది. ఆ లెక్క తీయడానికి కూడా మనలాంటివాళ్ళే కావాలి.

అయితే ఒక్క విషయం మొదట్లోనే బుర్రలో పెట్టుకోండి, మిగతా స్టెప్పులన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి. బీపీ పెరిగినవాడు బీపీ చూపించుకోడానికి ఆస్పత్రికి వస్తాడు, మతిమరుపు పెరిగినాయన మాత్రం రావడం మానేస్తాడు. తీసుకొచ్చేవాళ్ళు ఉండాలి, గంటసేపు కుర్చీలో కూర్చోగలగాలి, అడిగింది అర్థం కావాలి. కాబట్టి మీ ఎక్సెల్ షీట్‌లో మూడో విజిట్‌కీ నాలుగో విజిట్‌కీ మిగిలిన జనం మొదటి విజిట్‌కి వచ్చిన జనం కాదు. పదో తరగతిలో వీక్ పిల్లల్ని పరీక్షకి కూర్చోనివ్వకుండా నూటికి నూరు రిజల్ట్ చూపించుకునే స్కూళ్ళు ఉంటాయి చూడండి, అచ్చం ఆ లెక్కే, కాకపోతే ఇక్కడ ఎవరూ కావాలని చేయరు, జబ్బే చేస్తుంది.

స్టెప్ 1: ఒక టెస్ట్ జరుగుతుంటే పక్కన కూర్చుని చూడండి

కోడ్ రాయకముందే ఈ పని చేయండి. కోఆర్డినేటర్‌ని అడిగితే, పేషెంటూ వాళ్ళింటివాళ్ళూ ఒప్పుకుంటే, ఒక మూల కూర్చోనిస్తారు. ఎంఎంఎస్‌ఈ అనేది జ్ఞాపకశక్తి, ఆలోచన ఎలా ఉన్నాయో చూసే 30 మార్కుల టెస్ట్, 1975 నుంచి వాడుతున్నారు. తేదీ ఎంత, ఏ ఊరు, మూడు మాటలు చెప్తాను గుర్తుపెట్టుకోండి, 100లోంచి 7 తీసేస్తూ వెళ్ళండి, ఈ బొమ్మ చూసి వేయండి, ఇలా ఉంటుంది. ఇవాళ తేదీ ఎంతండీ అంటే తెలీదమ్మా అంటారు పెద్దావిడ, అదే ఏకాదశి ఎప్పుడంటే మొన్ననే వెళ్ళింది అని టక్కున చెప్తారు. మరి ఆవిడకి ఓరియెంటేషన్ (రోజు, చోటు తెలియడం) ఉన్నట్టా లేనట్టా? ఫారంలో మాత్రం సున్నా పడుతుంది. బడి మొహం చూడని మనిషికి 100లోంచి 7 తీసేయడం జ్ఞాపకశక్తి పరీక్ష కాదు, చదువు పరీక్ష. జీవితంలో పెన్ను పట్టుకోని చేతికి బొమ్మ వేయమంటే కూడా అంతే.

అందుకే 90ల్లో హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో చేసిన ఇండో-యూఎస్ స్టడీ కోసం హెచ్‌ఎంఎస్‌ఈ అని హిందీలో వేరే వెర్షన్ తయారుచేశారు, అందులో కాగితం మీద చదివి కళ్ళు మూసుకోమనే బదులు నా మొహం చూసి నేను చేసినట్టు చేయండి అంటారు. మన తెలుగుకి కూడా పని జరిగింది. హైదరాబాద్ నిమ్స్ టీమ్ అడెన్‌బ్రూక్స్ అనే ఇంకో ఇలాంటి టెస్ట్‌ని తెలుగులోకి తెచ్చింది, ఐసీఎంఆర్ వాళ్ళ న్యూరోకాగ్నిటివ్ టూల్‌బాక్స్ (ఇలాంటి టెస్టుల సెట్) తెలుగు, హిందీ, బెంగాలీ, కన్నడ, మలయాళంలో ఉంది. కాబట్టి మీ డేటాసెట్‌లో కాగ్నిటివ్ స్కోర్ అని ఒక కాలమ్ కనపడితే వెంటనే అడగాల్సినవి ఏ టెస్టు, ఏ భాషలో, ఏ వెర్షన్, ఎవరు చేయించారు అని. మోకా అని ఇంకో 30 మార్కుల టెస్ట్ ఉంది, అందులో అయితే 12 ఏళ్ళు లేదా అంతకంటే తక్కువ చదివినవాళ్ళకి ఒక మార్కు కలుపుతారు, మీకొచ్చిన ఫైల్‌లో ఆ మార్కు కలిపిన తర్వాతి స్కోర్ ఉందా కలపకముందుదా అనేది కనుక్కోకుండా ముందుకెళ్ళొద్దు, ఒకే స్టడీలో రెండు సెంటర్లు రెండు రకాలుగా పంపడం మామూలే.

ఇంకోటి, 30 మార్కుల స్కేలు మీద మార్కులన్నీ ఒక బరువు కావు. రిటైరైన ప్రొఫెసర్‌గారికి మొదటి ఏడాది 29 వస్తుంది, మూడో ఏడాది కూడా 29 వస్తుంది, ఇంట్లోవాళ్ళేమో ఆయన బ్యాంకు పని చేసుకోలేకపోతున్నారు అంటారు. స్కేలు పైన తగిలేసింది, ఇంక పైకి చూపించలేదు. 30 నుంచి 28కి పడటం, 18 నుంచి 16కి పడటం ఒకటే అనుకుని స్ట్రెయిట్ లైన్ గీసేస్తే చదువుకున్నవాళ్ళకి జబ్బు నిదానంగా ముదురుతుందనే తప్పుడు కథ కూడా రావచ్చు. ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఎల్‌సీఎంఎం ప్యాకేజీ ఈ వంకర స్కేలుని సరిచేసుకుంటూ మోడల్ వేస్తుంది, నేర్చుకోండి, పనికొస్తుంది.

జబ్బు ఎంత ముదిరిందో చూసే సీడీఆర్ అనే స్కేలు గురించి కూడా ఇక్కడే చెప్పేస్తా. ఇందులో మెమరీ, ఓరియెంటేషన్, జడ్జ్‌మెంట్, బయటి వ్యవహారాలు, ఇల్లు-హాబీలు, సొంత పనులు అని ఆరు బాక్సులు. గ్లోబల్ స్కోర్ 0, 0.5, 1, 2, 3, ఆరు బాక్సులూ కలిపితే 0 నుంచి 18. పేషెంట్‌ని అడగడమే కాదు, ఇంట్లో బాగా తెలిసినవాళ్ళని కూడా అడిగి వేస్తారు, చిక్కంతా అక్కడే. మన ఇళ్ళల్లో ఆయన జన్మలో గరిట పట్టుకుని ఉండరు, ఇంటి పనులు చేయగలరా అని అడిగితే కోడలు ఏం చెప్తుంది? ఆయనెప్పుడు చేశారండీ అంటుంది. ఇక మొదటి విజిట్‌కి భార్య వచ్చి చెప్పింది, రెండేళ్ళకి ఆవిడ పోయింది, తర్వాత బెంగుళూరులో ఉండే కొడుకు వచ్చి నాన్న బానే ఉన్నాడు అన్నాడు. స్కోరు తగ్గింది (సీడీఆర్‌లో స్కోరు తక్కువ ఉంటే మంచిది). పేషెంట్ బాగుపడ్డాడా? లేదు, చెప్పే మనిషి మారాడు. చెప్పిన మనిషి ఎవరు, విజిట్ విజిట్‌కీ మారారా అనే కాలమ్ ఉందో లేదో చూడండి, లేకపోతే ఇకమీదన్నా పెట్టమని కోఆర్డినేటర్ వెంటపడండి.

స్టెప్ 2: డేటా అడిగే ముందు ప్రశ్న రాయించుకోండి

డాక్టర్‌గారు ఫోన్ చేస్తారు. బాబూ, డేటా పంపాను, ఒకసారి రిగ్రెషన్ రన్ చేసి ఇచ్చెయ్, శుక్రవారం అబ్‌స్ట్రాక్ట్ డెడ్‌లైన్ అంటారు. సరే సార్ అనకండి. అలాగని స్టాటిస్టిక్స్ పాఠం కూడా చెప్పకండి, ఎవరూ వినరు. నెమ్మదిగా నాలుగు ప్రశ్నలు అడగండి: సార్, ఇందులో ఎవరెవరు ఉన్నారు, ఎక్కడ్నుంచి వచ్చారు? టైమ్ ఎక్కడ మొదలుపెడుతున్నాం, డయాగ్నోసిస్ దగ్గరా, మొదటి విజిట్ దగ్గరా? మనం చూసేది స్కోరు తగ్గడమా, డిమెన్షియా రావడమా? మధ్యలో చనిపోయినవాళ్ళని, రావడం మానేసినవాళ్ళని ఏం చేద్దాం? ఈ నాలుగో ప్రశ్న దగ్గర అవతల కాసేపు నిశ్శబ్దం ఉంటుంది, అది మంచి సూచనే. జవాబులు వాట్సాప్‌లో వచ్చినా సరే, ఒక వర్డ్ ఫైల్‌లో ఎక్కించి మనం అనుకున్నది ఇదే కదా సార్ అని తిరిగి మెయిల్ కొట్టండి. ట్రయల్స్‌లో అయితే దీనికి పద్ధతి కూడా ఉంది, మందుల ట్రయల్స్‌కి అంతర్జాతీయ గైడ్‌లైన్స్ పెట్టే ఐసీహెచ్ 2019లో తెచ్చిన ఈ9 ఆర్1లో దీన్ని ఎస్టిమాండ్ (అసలు ఏ తేడాని కొలుస్తున్నామో) అంటారు, మందు ఆపేసినవాళ్ళని, వేరే మందు మొదలుపెట్టినవాళ్ళని, చనిపోయినవాళ్ళని ఎలా లెక్కలోకి తీసుకుంటారో ముందే రాసి పెట్టుకోవాలని అది చెప్తుంది. అబ్జర్వేషనల్ స్టడీకి (మందు ఇవ్వకుండా గమనించేది) రూలు లేకపోయినా అలవాటు మాత్రం అదే పెట్టుకోండి.

ఎవరెవరు ఉన్నారు అనే ప్రశ్నకి మన హైదరాబాద్ ఉదాహరణే ఉంది. 2013లో సువర్ణ అల్లాడిగారి టీమ్ నిమ్స్ క్లినిక్‌కి వచ్చిన 648 మంది డిమెన్షియా పేషెంట్ల మీద పేపర్ వేసింది, రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని, చదువురానివాళ్ళలో కూడా ఆ తేడా కనపడిందని. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిష్ కలగలిసిపోయిన హైదరాబాద్ లాంటి ఊళ్ళోనే ఇలాంటి స్టడీ కుదురుతుంది, ప్రపంచమంతా మాట్లాడుకుంది దాని గురించి. చదువు, వృత్తి, పల్లె-పట్నం తేడాలు కూడా వాళ్ళు చూసుకున్నారు. ఇప్పుడు ఆ పేపర్ ముందేసుకుని స్టాటిస్టీషియన్‌గా ఆలోచించండి: ఇందులో ఉన్నవాళ్ళందరికీ జబ్బు వచ్చేసింది, జబ్బు రాని ద్విభాషీలూ ఏకభాషీలూ డేటాలో లేరు, పైగా క్లినిక్ దాకా వచ్చినవాళ్ళే ఉన్నారు. స్టడీ తప్పని కాదు, క్లినిక్ డేటా చెప్పగలిగేది అంతవరకే. ఎప్పుడు మొదలైంది అనేదానికి అది జవాబిస్తుంది, ఎవరికి వస్తుంది అనేదానికి ఊళ్ళో అందర్నీ ఏళ్ళ తరబడి ఫాలో అయ్యే కోహార్ట్ కావాలి. బెంగుళూరు ఐఐఎస్‌సీలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ వాళ్ళు కోలార్ జిల్లా శ్రీనివాసపుర పల్లెల్లో అలాంటిదే నడుపుతున్నారు, కోలార్ వైపు ఇళ్ళల్లో తెలుగు మాట్లాడేవాళ్ళు ఎంతమందో మీకు తెలుసుగా, మనవాళ్ళకి అక్కడ పని దొరికితే భాష కూడా కలిసొస్తుంది.

స్టెప్ 3: ఉద్యోగం రాకముందే అసలు డేటా మీద చేయి తిప్పండి

దీనికి పైసా ఖర్చు లేదు. ఏడీఎన్ఐ 2004లో మొదలైన అమెరికా-కెనడా అల్జీమర్స్ (డిమెన్షియాకి ఎక్కువగా కనపడే కారణం) స్టడీ, ఎంఆర్ఐ, పెట్ స్కాన్లు, రక్తపరీక్షలు, స్కోర్లు అన్నీ ఉంటాయి, లోనీ అనే సైట్‌లో అప్లై చేయాలి. నాక్ అనే డేటా సెంటర్ సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో ఉంది, అమెరికాలోని అల్జీమర్స్ సెంటర్లన్నీ 2005 నుంచి ఒకే ఫారం నింపి అక్కడికి పంపుతున్నాయి, దాన్ని యూడీఎస్ అంటారు. మన దేశం డేటా కావాలంటే లాసీ-డాడ్, గేట్‌వే టు గ్లోబల్ ఏజింగ్ సైట్‌లో రిజిస్టరై తీసుకోవచ్చు. అప్లికేషన్‌లో ప్రశ్న రెండు మూడు లైన్లలో స్పష్టంగా రాయండి చాలు, పెద్ద వ్యాసం అక్కర్లేదు. కానీ డేటా యూజ్ అగ్రిమెంట్ మాత్రం చదివి సంతకం పెట్టండి, రూమ్‌మేట్‌కి పెన్‌డ్రైవ్‌లో ఇవ్వడం, కోచింగ్ గ్రూపులో షేర్ చేయడం లాంటివి చేస్తే మీ పేరు మీదే పడుతుంది. ఏడీఎన్ఐతో పేపర్ రాస్తే జర్నల్‌కి పంపేముందు వాళ్ళ కమిటీకి చూపించాలి, అది కూడా అందులోనే ఉంటుంది.

ఒక మాట, ఏడీఎన్ఐలో ఎక్కువమంది బాగా చదువుకున్న తెల్లవాళ్ళు. అందులో నేర్చుకున్న కటాఫ్ తీసుకొచ్చి నల్గొండ పల్లెలో పెద్దాయన మీద పెడితే ఊరు ఊరంతా పేషెంట్లే అయిపోతారు.

స్టెప్ 4: క్లీనింగ్, అసలు యుద్ధం ఇక్కడే

నాక్ డేటా తెరిచి ఎంఎంఎస్‌ఈ యావరేజ్ తీయండి, 30 మార్కుల టెస్ట్‌కి 30 దాటిన యావరేజ్ కూడా రావచ్చు, నవ్వొస్తుంది. ఎందుకంటే అందులో 95, 96, 97, 98 అని ఉంటాయి, అవి మార్కులు కావు. 95 అంటే శారీరక సమస్య వల్ల టెస్ట్ చేయలేదు, కళ్ళు కనపడకో చేయి వణికో. 96 అంటే కాగ్నిటివ్ లేదా ప్రవర్తన సమస్య వల్ల చేయలేకపోయారు. 97 ఇంకేదో కారణం, 98 వద్దన్నారు. మైనస్ 4 అంటే అసలు ఆ సమాచారమే లేదు. కొత్తగా చేరినవాళ్ళు చేసేది ఏంటంటే వీటన్నిటినీ ఒకే లైన్ కోడ్‌తో ఎన్ఏ (ఖాళీ) చేసేస్తారు, అయిపోయింది అనుకుంటారు. 96ని 95తో కలిపి తుడిచేస్తే జబ్బు ఎక్కువగా ఉన్న మనుషుల్నే తుడిచేసినట్టు. మిస్సింగ్ అయిన కారణమే ఇక్కడ ఇన్ఫర్మేషన్. కాబట్టి స్కోర్ కాలమ్‌లో ఎన్ఏ పెట్టండి, పక్కనే కారణం అని ఇంకో కాలమ్ తయారుచేసుకోండి, విజిట్ వారీగా ఆ కారణాల టేబుల్ తీసి మీటింగ్‌లో అందరికంటే ముందు అదే చూపించండి. మోడల్ చూపించినప్పటికంటే ఆ టేబుల్ చూపించినప్పుడే డాక్టర్లు ఎక్కువ మాట్లాడతారు, ఎందుకంటే వాళ్ళకి తెలిసిన పేషెంట్లు అందులో కనపడతారు.

మన దగ్గర సేకరించిన డేటాలో అయితే ఇంకో గండం ఉంది, వయసు. ఆధార్‌లో పుట్టినరోజు చాలామందికి జనవరి 1. 60, 65, 70 దగ్గర హిస్టోగ్రామ్ గుడిగోపురంలా పైకి లేచి ఉంటుంది, 61కీ 69కీ జనం ఉండరు. డిమెన్షియాకి వయసే అన్నిటికంటే పెద్ద రిస్కు, ఆ కాలమే గుండ్రంగా ఉంటే ఎలా? మంచి ఫీల్డ్ టీమ్ అయితే సంఘటనలతో పట్టుకుంటుంది, దివిసీమ ఉప్పెన అప్పటికి పెళ్ళయిందా, పెద్దబ్బాయి పుట్టాడా అని అడిగి 1977 నుంచి వెనక్కి లెక్కేస్తారు. మీరు చేయగలిగింది, వయసు దేన్నిబట్టి రాశారో చెప్పే కాలమ్ పెట్టమనడం, తర్వాత వయసుని రెండేళ్ళు అటూ ఇటూ కదిపి రిజల్ట్ నిలబడుతుందో లేదో చూడటం.

ఇంకా చిన్నవి కొన్ని గబగబా. 12వ నెల విజిట్ అని పేరుంటుంది కానీ మనిషి 15వ నెలలో వచ్చి ఉంటాడు, అసలు తేదీ వాడండి. 2020లో కరోనా వల్ల విజిట్లు ఆగాయి, కొన్ని ఫోన్లో జరిగాయి, ఫోన్లో బొమ్మ వేయించలేరు కదా, ఆ స్కోరుని పాతదాని పక్కన నేరుగా పెట్టొద్దు. ఎంసీఐ (మతిమరుపు కొంచెం ఉన్నా ఇంకా డిమెన్షియా కాని దశ) నుంచి మళ్ళీ నార్మల్ అయినవాళ్ళు కనపడితే డేటా తప్పని కొట్టేయకండి, అది నిజంగానే జరుగుతుంది.

స్టెప్ 5: మోడల్, చివరికి

ముందు ఒక్కో మనిషికి ఒక్కో గీత వేసి ప్లాట్ చూడండి. ఆ తర్వాతే మోడల్. రెండో విజిట్‌కి చాలామంది గీతలు కొంచెం పైకి లేస్తాయి, జబ్బు నయమై కాదు, టెస్ట్ అలవాటై. దాన్ని ప్రాక్టీస్ ఎఫెక్ట్ అంటారు, మొదటి విజిటా కాదా అని ఒక ఇండికేటర్ పెడితే కొంతవరకు సర్దుకుంటుంది.

ట్రయల్ అయితే విజిట్లు ఫిక్స్ కాబట్టి ఎంఎంఆర్ఎం అనే మోడల్ వాడతారు, విజిట్‌ని కేటగిరీగా పెట్టి. కోహార్ట్ అయితే మనుషులు ఎప్పుడుపడితే అప్పుడు వస్తారు కాబట్టి రాండమ్ ఇంటర్‌సెప్ట్ (మనిషికో మొదలు), రాండమ్ స్లోప్ (మనిషికో వేగం) ఉన్న మిక్స్‌డ్ మోడల్. టైమ్ అంటే వయసా లేక స్టడీలో చేరాక గడిచిన ఏళ్ళా అనేది ఊరికే తేల్చేసే విషయం కాదు. చేరాక గడిచిన ఏళ్ళు పెడితే మొదటి విజిట్ వయసు కూడా, టైమ్‌తో దాని ఇంటరాక్షన్ కూడా పెట్టాలి, ఎందుకంటే 65 ఏళ్ళాయనా 85 ఏళ్ళాయనా ఒకే స్పీడులో తగ్గరు.

మిక్స్‌డ్ మోడల్ మిస్సింగ్‌ని చూసుకుంటుంది అని చాలామంది ధైర్యంగా చెప్తారు. సగమే నిజం. ఇంతకుముందు విజిట్లలో కనపడిన స్కోర్లని బట్టి మనిషి మానేస్తే చూసుకుంటుంది. పోయిన విజిట్‌కి బానే ఉండి, తర్వాత ఆరు నెలల్లో ఒక్కసారిగా దిగజారి, ఆ దిగజారడం వల్లే రాలేకపోతే అది మోడల్‌కి ఎలా తెలుస్తుంది? తెలీదు. అప్పుడు సెన్సిటివిటీ అనాలిసిస్ చేయాలి: మానేసినవాళ్ళ స్కోరు మోడల్ ఊహించినదానికంటే 1 మార్కు తక్కువ అనుకుందాం, 2 తక్కువ అనుకుందాం, 3 అనుకుందాం, ఎక్కడ రిజల్ట్ తిరగబడుతుందో చూద్దాం అని. తర్వాత ఆ అంకె పట్టుకెళ్ళి డాక్టర్‌గారిని అడగండి, సార్ మానేసినవాళ్ళు నిజంగా ఇంత దిగజారి ఉంటారా అని. దానికి జవాబు మీ దగ్గర లేదు, ఆయన దగ్గరుంది. నన్నడిగితే కొలాబరేషన్ అనే మాటకి అర్థం ఉండేది ఇలాంటిచోటే, మిగతాదంతా మెయిల్స్ ఫార్వర్డ్ చేసుకోవడమే.

ఇక చావు. దీన్ని డ్రాప్‌అవుట్‌తో కలిపేయొద్దు. రాని మనిషికి స్కోరు ఎక్కడో ఉంది, మనకి తెలీదంతే. పోయిన మనిషికి స్కోరే లేదు. డిమెన్షియా ఎప్పుడు వస్తుంది అనే ప్రశ్నకి చావు కాంపిటింగ్ రిస్క్ అవుతుంది, అంటే అది ముందొస్తే ఇక డిమెన్షియా వచ్చే అవకాశమే ఉండదు. దీన్ని పట్టించుకోకపోతే వచ్చే వింతకి మంచి ఉదాహరణ సిగరెట్, కొన్ని పాత స్టడీల్లో పొగతాగేవాళ్ళకి అల్జీమర్స్ తక్కువ అని కూడా కనపడింది. బీడీలు కాల్చి 65కే గుండెపోటుతో పోయినాయన 85 దాకా ఉండి మతిమరుపు తెచ్చుకోలేడు కదా, 85 దాకా మిగిలిన స్మోకర్లు గట్టి పిండాలు. ఏ రిస్క్ ఫ్యాక్టర్ జబ్బుకి కారణం అనేది మీ ప్రశ్న అయితే కాజ్-స్పెసిఫిక్ హజార్డ్ (అప్పటికి బతికి, జబ్బు లేకుండా ఉన్నవాళ్ళలో జబ్బు వచ్చే వేగం) చూడండి, ఇంకో పదేళ్ళలో ఈ జిల్లాకి ఎంతమంది డిమెన్షియా పేషెంట్లు వస్తారు అనేది ప్రశ్న అయితే క్యుములేటివ్ ఇన్సిడెన్స్ (చావుని కూడా లెక్కలోకి తీసుకుని మొత్తం ఎంతమందికి వస్తుందో), దానికి వాడే ఫైన్-గ్రే మోడల్ అటువైపు. రెండూ వేసి ఏది బాగుంటే అది పేపర్లో పెట్టడం మాత్రం చేయకండి.

ఇంకొంచెం లోతుకి: 74 ఏళ్ళ వయసులో విజిట్‌కి వచ్చినప్పుడు ఒకావిడ బావుంది, తర్వాతి విజిట్ 76 ఏళ్ళకి ఉంది, 75న్నరకి చనిపోయింది. ఆవిడకి మధ్యలో డిమెన్షియా వచ్చిందా? మామూలు కాక్స్ మోడల్ (జబ్బు ఎంత వేగంగా వస్తుందో లెక్కేసేది) ఆవిడని చివరి విజిట్ దగ్గర కట్ చేసి డిమెన్షియా రాలేదు అన్నట్టే చూస్తుంది. ఇలాంటివాళ్ళు వందల్లో ఉంటే ఇన్సిడెన్స్ (కొత్తగా జబ్బు వచ్చినవాళ్ళ లెక్క) తక్కువగా వస్తుంది. దీనికే ఇల్‌నెస్-డెత్ మోడల్, ఇంటర్వెల్ సెన్సారింగ్‌తో (జబ్బు రెండు విజిట్ల మధ్య ఎప్పుడో వచ్చి ఉండొచ్చని లెక్కలోకి తీసుకుని), ఆర్‌లో స్మూత్‌హజార్డ్ ప్యాకేజీ చేస్తుంది. వయసుని టైమ్ స్కేల్‌గా పెట్టుకుంటే ఎంట్రీ వయసు కూడా ఇవ్వడం మర్చిపోకండి, 72 ఏళ్ళకి చేరిన మనిషి 72కి ముందు మీ రిస్క్ సెట్‌లో (ఆ వయసులో మీరు గమనిస్తున్నవాళ్ళ లిస్ట్) లేడు. స్కోర్లూ చావూ రెండూ ఒకదానితో ఒకటి ముడిపడితే జాయింట్ మోడల్స్ ఉన్నాయి, ఆర్‌లో జేఎమ్‌బేయ్స్2 ప్యాకేజీతో మొదలుపెట్టండి. ఈ లాంగిట్యూడినల్ గొడవలన్నిటి మీదా మెలోడెమ్ అని ఒక అంతర్జాతీయ గ్రూప్ ఉంది, 2015లో వాళ్ళు ఒక గైడ్‌లైన్ పేపర్ వేశారు, చేరిన వారంలోనే అది చదివేయండి.

స్టెప్ 6: రక్తం, స్కాన్లు

ఇప్పుడంతా పీ-టౌ217 (రక్తంలో కొలిచే ఒక ప్రోటీన్) గోల, రక్తపరీక్షతో అల్జీమర్స్ పట్టేస్తామని. ఇక్కడ మీ పని శాంపిల్స్ ల్యాబ్‌కి వెళ్ళకముందే ఉంటుంది. ఒకే మనిషి శాంపిల్స్ అన్నీ ఒకే ప్లేట్‌లో (ల్యాబ్‌లో చాలా శాంపిల్స్‌ని ఒకేసారి పరీక్షించే పళ్ళెం) పెట్టమనండి, కేసులూ (జబ్బున్నవాళ్ళు) కంట్రోళ్ళూ (లేనివాళ్ళు) ప్లేట్లలో కలిసి ఉండేలా ర్యాండమైజ్ చేసి లిస్ట్ మీరే పంపండి. కేసులన్నీ సోమవారం ప్లేట్‌లో, కంట్రోళ్ళన్నీ గురువారం ప్లేట్‌లో రన్ అయ్యాక మీ దగ్గరికొస్తే ఏ మోడలూ ఏం చేయలేదు. అమిలాయిడ్ పెట్ (మెదడులో పేరుకున్న అమిలాయిడ్ అనే ప్రోటీన్‌ని చూపించే స్కాన్) వేరే వేరే ట్రేసర్లతో (స్కాన్‌లో అది కనపడేలా ఎక్కించేవి) తీస్తే సెంటిలాయిడ్ స్కేలుకి మార్చారా అని అడగండి, అందులో 0 అంటే ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళ సగటు, 100 అంటే అల్జీమర్స్ పేషెంట్ల సగటు.

స్టెప్ 7: రిజల్ట్ చెప్పడం

పీ వాల్యూ 0.06 వచ్చింది, దగ్గరికొచ్చింది కదా, ఇద్దరు ముగ్గుర్ని తీసేస్తే రాదా అని అడిగేవాళ్ళు ప్రతిచోటా ఉంటారు. ఎవర్ని తీయాలో డేటా చూడకముందే రాసుకున్నాం కదా సార్, అని ఆ పాత మెయిల్ మళ్ళీ పంపండి, గొడవ అక్కర్లేదు. స్టెప్ 2లో ఆ మెయిల్ కొట్టమన్నది అందుకే.

పర్సంటేజీల దగ్గర జాగ్రత్త. లెకానెమాబ్ అనే అల్జీమర్స్ మందు ట్రయల్ తీసుకోండి, 1,795 మంది, 18 నెలలు. సీడీఆర్ బాక్సుల మొత్తం మందు తీసుకున్నవాళ్ళలో 1.21 పెరిగింది, ప్లాసిబోలో (ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళలో) 1.66. తేడా 0.45. పేపర్లలో 27 శాతం అని వచ్చింది, 0.45ని 1.66తో భాగిస్తే అదే వస్తుంది, అబద్ధం కాదు. కానీ 18 పాయింట్ల స్కేలు మీద అర పాయింటు కంటే తక్కువ తేడా అని కూడా పక్కనే చెప్పాలి, రెండూ ఒకే వాక్యంలో రాయండి. అది పేషెంట్‌కి తెలిసేంత తేడానా కాదా అని న్యూరాలజిస్టులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు, తేల్చాల్సింది మనం కాదు, రెండు అంకెలూ బల్ల మీద ఉండేలా చూడటం మన పని.

అడుకానుమాబ్ అనే ఇంకో అల్జీమర్స్ మందు కథ అయితే ప్రతి స్టాటిస్టీషియన్‌కీ తెలిసుండాలి. ఒకేలాంటి రెండు ట్రయల్స్, ఎమర్జ్, ఎంగేజ్. 2019 మార్చిలో పని చేయట్లేదని మధ్యలోనే ఆపేశారు. తర్వాత పూర్తి డేటా చూసి, ఒకదాంట్లో హై డోస్ పని చేసింది అన్నారు, రెండోదాంట్లో చేయలేదు. 2020 నవంబర్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అడ్వైజరీ కమిటీ ముందు క్లినికల్ రివ్యూ అనుకూలంగా ఉంటే, అదే ఎఫ్‌డీఏలో స్టాటిస్టికల్ రివ్యూవర్ ట్రిస్టన్ మాసీ ఒప్పుకోలేదు, రెండు ట్రయల్స్ ఒకదాన్నొకటి కాదంటుంటే మనకి నచ్చినదాన్నే ఎలా తీసుకుంటాం అనేది సారాంశం. కమిటీ కూడా మందుకి వ్యతిరేకంగానే నిలబడింది. అయినా 2021 జూన్‌లో అమిలాయిడ్ తగ్గిందనే ఆధారంతో యాక్సిలరేటెడ్ అప్రూవల్ (ముందస్తు అనుమతి) వచ్చింది, 2024లో కంపెనీయే మందు ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఆ రివ్యూ డాక్యుమెంట్లు పబ్లిక్‌గానే ఉన్నాయి. ఒప్పుకోను అనే మాటని కోపం లేకుండా, అంకెలతో, పేజీ తర్వాత పేజీ ఎలా రాస్తారో చూడటానికైనా చదవండి.

స్టెప్ 8: పేపర్ పనులు, పేరు, ఫోన్ కాల్స్

ప్రాజెక్టులో చేరేటప్పుడే ఆథర్‌షిప్ మాట్లాడుకోండి, సిగ్గుపడొద్దు. మెడికల్ జర్నల్ ఎడిటర్ల కమిటీ ఐసీఎంజేఈ రూల్స్ ప్రకారం డిజైన్‌లోనో అనాలిసిస్‌లోనో గట్టి పని చేసి, డ్రాఫ్ట్ రాసి లేదా దిద్ది, ఫైనల్ కాపీ ఒప్పుకుని, దానికి బాధ్యత తీసుకుంటే మీరు ఆథర్. థ్యాంక్స్ టు అని చివర్లో పేరు వేసి సరిపెట్టే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు, మొదటి మీటింగ్‌లో నవ్వుతూ అడిగేస్తే చివరి మీటింగ్‌లో ఏడవక్కర్లేదు. అలాగే మీ టైమ్‌లో ఎంత శాతం ఈ ప్రాజెక్టుకో గ్రాంట్‌లో రాయించుకోండి, అమెరికా గ్రాంట్లలో ఇది మామూలు విషయం, మన దగ్గర అడిగితేనే పెడతారు.

ఇండియా టీమ్‌కి విదేశీ ఫండింగ్ ఉన్నా, శాంపిల్స్ బయటికి పంపాలన్నా ఎథిక్స్ కమిటీ ఒక్కటే సరిపోదు, కేంద్ర ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ (హెచ్‌ఎంఎస్‌సీ) క్లియరెన్స్ కూడా కావాలి, దానికి నెలలు పట్టొచ్చు. అనాలిసిస్ టైమ్‌లైన్ వేసేటప్పుడు అది కలుపుకోండి. పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న ఫైల్ మీకు పంపితే తెరవకుండా వెనక్కి పంపి ఐడీలు మాత్రమే ఉన్నది పంపమనండి, డాక్టర్లు మంచి మనసుతోనే పంపుతారు కానీ మీ ల్యాప్‌టాప్ పోతే జవాబు చెప్పాల్సింది మీరు.

సియాటిల్ వాళ్ళతో పని అయితే వాళ్ళ పొద్దున 8 మనకి రాత్రి 8:30, నవంబర్‌లో గడియారం మారాక 9:30. ఇంట్లో ముందే చెప్పి పెట్టుకోండి. కాల్ అయిన అరగంటలో ఎవరు ఏం చేస్తామన్నారో నాలుగు లైన్ల మెయిల్ కొట్టేయండి, నిద్రపోయి లేచాక అవతలివాళ్ళకీ గుర్తుండదు, మనకీ గుర్తుండదు.

డేటా ఎప్పుడు ఫ్రీజ్ చేశారో ఆ తేదీని ఫైల్ పేరులోనే పెట్టండి, కోడ్ గిట్‌లో (ప్రతి మార్పునీ దాచిపెట్టే సాఫ్ట్‌వేర్) పెట్టండి, ఫైనల్_ఫైనల్2 లాంటి పేర్లు వద్దు. ఈ కోహార్ట్‌లు ఇరవై ఏళ్ళు నడుస్తాయి, మీరు ఈలోపు వేరే ఉద్యోగానికి వెళ్ళిపోతారు, మీ తర్వాత వచ్చే అమ్మాయో అబ్బాయో మిస్సింగ్ కోడ్స్‌ని మీరేం చేశారో, ఏ విజిట్లు ఫోన్లో జరిగాయో, ఎవర్ని ఎందుకు తీసేశారో మీకు ఫోన్ చేయకుండానే తెలుసుకునేలా ఒక రీడ్‌మీ రాసి ఆ ఫోల్డర్‌లోనే వదలండి.